కీబోర్డు మీద రాళ్ల బొట్లు

ఆ బొట్లు తనవి కావు!

కనకరత్నం తడిగుడ్డ చేత్తో పట్టుకుని కంప్యూటర్ బల్ల ముందు అలాగే నిలబడిపోయింది. శనివారం మధ్యాహ్నం. భర్త నరసింహమూర్తి అన్నం తిని లోపల నడుం వాల్చాడు. దుమ్ము తుడుద్దామని కీబోర్డు మీద కప్పిన తువ్వాలు తీసిందో లేదో, ఒకటి కాదు రెండు కాదు, ఆరు బొట్టుబిళ్లలు ఎర్రగా మెరుస్తూ కనిపించాయి. ఒక్కోదాని మధ్యలో ఒక్కో తెల్లరాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో కనకరత్నం రాళ్ల బొట్టు పెట్టుకుని ఎరగదు. నున్నటి మెరూన్ రంగు బిళ్ల ఆవిడ అలవాటు. అది కూడా మానేసి రెండేళ్లయింది. ఆయన చూపు పోయాక ఇంకెవరు చూడొచ్చారులే అని, వేలితో ఇంత కుంకుమ అద్దుకుని ఊరుకుంటోంది. మరి ఇవి ఎవరివి? స్నానానికి వెళ్తూ నుదుటి బొట్టు తీసి అద్దానికో గోడకో అంటించడం ఆడవాళ్లందరూ చేసేదే. కానీ పరాయి మగాడి బల్ల దగ్గర కూర్చుని, తీరిగ్గా బొట్టు తీసి అంటించిన ఆ మహాతల్లి ఎవరు?...

ఒక్కసారి అలా అనిపించాక అన్నీ అలాగే తోచాయి ఆవిడకి. డాక్టర్లు గ్లకోమా అన్న నీటికాసుల జబ్బుతో ఆయన చూపు రెండేళ్ల కిందట పూర్తిగా పోయింది. అప్పటినుంచీ స్టీలు ప్లాంటు స్టోర్సులో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. ఆరు నెలల కిందట ఈ కంప్యూటర్ కొనిపించుకున్నాడు. తెర మీద ఉన్నదంతా పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో ఎక్కించారు. అది ఆడగొంతుతో ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంది. ఆ తెర మాత్రం ఎప్పుడూ చీకటే. అడిగితే, తనకి కనపడని దానికి కరెంటు దండగ కదా అన్నాడు. సరే, నిజమే అనుకుంది అప్పుడు. ఒక్కోసారి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉన్నట్టుండి నవ్వుతాడు. స్పీకర్లలో వింటున్నప్పుడు ఈవిడ కాఫీ గ్లాసుతో గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో మీట నొక్కుతాడు, ఆ గొంతు ఠక్కున ఆగిపోతుంది. తను వస్తే ఆపేసేంత రహస్యం ఏముంటుంది? అదీగాక రోజూ మూడింటికి ఫోను. "శ్రీసత్య గారూ, మళ్లీ మొరాయించిందండీ" అంటూ ఆ నవ్వు ముఖం... తనతో అలా నవ్వి ఎన్నాళ్లయింది!

మొన్న తను కూర్మన్నపాలెం బ్యాంకు పని మీద పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా ఇంట్లో లేదు. కూతురు నిఖిత అమ్మమ్మగారి ఊరు వెళ్లింది. అంటే ఆ రోజే వచ్చిందన్నమాట! కనకరత్నానికి ఒళ్లు మండిపోయింది. గోటితో ఒక్కొక్క బిళ్లా గీకి పారేసింది. అంతటితో ఆగిందా? ఎవరో చేతులు వేసిన సామాను కదా అని తడిగుడ్డతో మీటలన్నీ రుద్దింది, స్పీకర్లు రుద్దింది, వెనకాల వైర్లు పీకి బల్ల తుడిచి, ఎక్కడివక్కడ మళ్లీ గుచ్చేసింది. కళ్లనీళ్లతో ఏ వైరు ఎక్కడ గుచ్చిందో ఆవిడకే తెలియదు.

ఆదివారం పొద్దున్న నరసింహమూర్తి మామూలుగా వచ్చి కూర్చున్నాడు. మర్నాడు పది గంటలకి ఆఫీసులో ఆయనకి పరీక్ష. పై అధికారుల ముందు ఒక ఉత్తరం టైపు చేసి చూపిస్తే కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తారు. చేయలేకపోతే మెడికల్ అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారు. మాట్లాడే సాఫ్ట్‌వేర్ అక్కడి కంప్యూటర్లోనూ ఎక్కించారు. అలవాటైనది ఉండాలని తన కీబోర్డే పట్టుకెళ్తానని ముందే అనుమతి కూడా అడిగాడు. అందుకోసం ఆరు నెలలుగా వేళ్లు నొప్పి పుట్టేలా నేర్చుకుంటున్నాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో!

స్విచ్చి వేశాడు. ఐదు నిమిషాలు గడిచినా గొంతు రాలేదు. మీటల మీద వేళ్లు ఆడించి ఆగిపోయాడు. ఆ చివరా ఈ చివరా తడిమాడు. మళ్లీ తడిమాడు. ముఖం పాలిపోయింది.

"రత్నం. కీబోర్డు ఎవరు ముట్టుకున్నారు?"

కనకరత్నం వంటింట్లోంచే, తుడిచానని చెప్పింది.

"తుడిచావా, తీసేశావా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "మీ తమ్ముడు చెప్పింది నేనూ విన్నానే. కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. బావగారు అన్‌ఫిట్ రాయించుకుంటే నిఖితకి ఉద్యోగం ఇస్తారేమో కనుక్కుందాం అన్నాడుగా అర్జునరావు. నువ్వు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఇవాళ జవాబు చెప్పావన్నమాట."

కనకరత్నం గరిటతోనే గుమ్మంలోకి వచ్చింది. ఎంత మాట! ఆసుపత్రి వరండాల్లో రెండేళ్లు చెయ్యి పట్టుకుని నడిపించింది, గంట గంటకీ కళ్లలో చుక్కలు వేసింది, ఆ చెయ్యి మీదేనా ఇంత అనుమానం? ఆ బొట్లెవరివని అడుగుదామనుకుంది. కానీ అడిగితే ఆయన ఔననేస్తాడేమోనని భయం... ఆయన కుర్చీ వెనక్కి తోసి, గోడ పట్టుకుని నడుచుకుంటూ గదిలోకి వెళ్లి, రేపు తను ఎక్కడికీ రావడం లేదని చెప్పి తలుపేసుకున్నాడు.

అప్పుడు లేచింది కనకరత్నం. సంసారం ఇలా తగలడడానికి ఎవరు కారణమో వాళ్లనే కడిగేద్దామని ఆయన ఫోను తీసి రీడయల్ నొక్కింది. అవతల లేతగొంతు పలికింది. తను నరసింహమూర్తి గారి భార్యనని, మా ఇంట్లో నీ బొట్లేం చేస్తున్నాయని ఒక్క ఊపిరిలో అడిగేసింది.



"అమ్మా, మీ ఇల్లెక్కడో నాకు తెల్దు. నాకు పుట్టినప్పట్నుంచీ సూపు లేదు," అంది ఆ పిల్ల. "నాను పద్మనాభంలో ఉంటన్నాను. రోజూ బస్సెక్కి టౌనొచ్చి మా సెంటర్లో ఇదే నేర్పుతన్నాను. సారు మీటలు తప్పు నొక్కేత్తన్నారని, రాళ్ల బొట్లు అంటించుకోండి, ఏలికి తగుల్తాయి అని నానే సెప్పాను. సేపలు తెచ్చే నూకాలమ్మ సేత తెప్పించుకున్నానన్నారు. మీకు సెప్పలేదా?"

కనకరత్నానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కడిగేద్దామని ఫోను చేసిన మనిషికే, ఏడుస్తూ, తను చేసిన నిర్వాకమంతా చెప్పుకుంది. శ్రీసత్య మందలించలేదు. ముందు స్పీకర్లు చూడమంది. వాటి మీద గొంతు పెంచే గుండ్రటి బిళ్ల ఉంటుంది, తుడిచేటప్పుడు సున్నాకి తిరిగిపోయిందేమో చూడమంది. నిజంగానే తిరిగి ఉంది! పెంచినా గొంతు రాలేదు. అయితే పెట్టె వెనక స్పీకరు వైరు ఏ కన్నంలో ఉందో చూడమంది.

"గులాబీ రంగు దాంట్లో ఉందమ్మా."

"ఆకుపచ్చ దాంట్లో ఉండాలండి. తడిమితే మాకు అన్నీ ఒకేలా ఉంటాయి. ఆకుపచ్చంటే ఏటో నాకు తెల్దు, సారు రోజురోజుకీ మర్సిపోతన్నారు. మీకు తెలుసు కదమ్మా."

వైరు మార్చి గుచ్చగానే ఆ ఇంగ్లీషు గొంతు గదంతా ఖంగుమంది! ఆరు నెలలుగా సవతి గొంతులా వినిపించింది, ఇప్పుడు కనకరత్నానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇంకొకటి మిగిలిందంటూ శ్రీసత్య, కుడివైపు పైన చిన్న దీపాలుంటాయి, మొదటిది వెలుగుతోందా అని అడిగింది. వెలుగుతోంది. అది వెలిగితే ఆ గొంతుని నడిపించే అంకెల వైపు మీటలు సారు మాట వినవు, దాని కిందున్న మీట ఒక్కసారి నొక్కి ఆర్పేయమంది. తరవాత బొట్లు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పింది. ఎడంవైపు పైమూలన ఒకటి. పైన అంకెల వరసలో ఐదు మీద ఒకటి, తొమ్మిది మీద ఒకటి. ఇన్సర్ట్ మీద ఒకటి, దాని కిందే ఉన్న డిలీట్ మీద మాత్రం రెండు, అది పొరపాటున నొక్కితే రాసింది పోతుంది.

గీకి పారేసినవి అంటుకోవు. బల్ల సొరుగు లాగితే పేకెట్టులో ఇంకో ఏడు ఉన్నాయి. కనకరత్నం ఒక్కొక్క మీట మీదా, నుదుటికి పెట్టుకున్నంత జాగ్రత్తగా, ఆరు పెట్టింది.

గొంతు విని నరసింహమూర్తి ఎప్పుడు తలుపు తీసుకుని వచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు. కనకరత్నం ఆయన చెయ్యి పట్టి మీటల మీద పెట్టింది. తను ఏమనుకుందో, ఎవరిని అనుకుందో దాచకుండా చెప్పేసింది. ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"నీకెందుకు చెప్పలేదో తెలుసా? ముందు నీ బొట్లే తీసుకుందామనుకున్నాను. అద్దానికి అంటించి ఉంటావుగా, ఎప్పుడూ నాలుగైదుండేవి. తడిమాను. అద్దమంతా నున్నగా ఉంది. మర్నాడు చూశాను, ఆ మర్నాడూ చూశాను. ఒక్కటీ లేదు." ఆయన వేళ్లు ఆ రాళ్ల మీదే ఉన్నాయి. "నాతో పాటు నువ్వు కూడా అన్నీ వదిలేసుకున్నావనుకున్నాను. ఆ పైన అర్జునరావు మాట... అన్నీ కలిపి ఏదేదో అనుకున్నాను."

చూసేవాళ్లు లేరని తను మానేసిన బొట్టు కోసం ఈయన అద్దం తడుముతున్నాడా! కనకరత్నం పమిట నోట్లో కుక్కుకుంది. తమ్ముడి మాటకి జవాబు చెప్పనిది ఇష్టమై కాదని, అసలా మాట మనసుకి ఎక్కక అని చెప్పింది. మరి నేను రాగానే ఆ గొంతు ఎందుకు ఆపేస్తారని కూడా అడిగేసింది. అడక్కపోతే ఆవిడ కనకరత్నం ఎలా అవుతుంది?

"అది వాగుతుంటే నీ మాట వినపడదుగా," అన్నాడాయన.

సోమవారం పది గంటలకి కనకరత్నం ఆఫీసు బయట బల్ల మీద కూర్చుంది. సగం తీసిన తలుపులోంచి ఆ గొంతు గడగడా చదువుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆగకుండా ఉంటే చాలని దణ్ణం పెట్టుకుంటూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది! దీపం వెలిగిందా? వైరు ఊడిందా? లేచి లోపలికి వెళ్లబోయింది... అంతలో అధికారి ఏదో అడగడం, ఆయన నెమ్మదిగా జవాబు చెప్పడం వినిపించాయి. ఎదుటివాళ్ల మాట వినడానికి ఆపాడు, అంతే. కనకరత్నం మళ్లీ కూర్చుంది. కాసేపటికి గొంతు మొదలైంది.

బయటికి వచ్చి ఆయన చెప్పిన మొదటి మాట, కీబోర్డు ఇక్కడే ఉంచెయ్యమన్నారు అని. దాని అర్థం ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది ఆవిడకి. తెలిశాక, అందరూ చూస్తారన్న వెరపు కూడా లేకుండా ఏడ్చింది. ఇంట్లోకి ఇంకో కీబోర్డు కొనాలి, ఇంకో పేకెట్టు బొట్లు తెప్పించాలి అన్నాడాయన. ఈసారి నూకాలుతో పని లేదని, తనే తెస్తానని చెప్పింది.

ఇంటికి రాగానే కనకరత్నం ముఖం కడుక్కుని, పేకెట్టులో మిగిలిన ఏడో బొట్టు నుదుట పెట్టుకుంది. సాయంత్రం దీపం పెట్టే ముందు స్నానానికి వెళ్తూ దాన్ని తీసి అద్దానికి అంటించింది.

ఆవిడ తిరిగి వచ్చేసరికి నరసింహమూర్తి అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అరచెయ్యి అద్దం మీద మెల్లగా జారుతూ వచ్చి, రాయి తగిలిన చోట ఆగింది. ఆయన చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.