చివరి గదిలో మోత

అమెరికాలో, ఇర్వింగ్‌లో హైవే పక్కన, పక్షవాతమొచ్చినవాళ్ళని ఉంచే రీహాబ్ సెంటర్ ఒకటుంది. అందులో చివరి గదంటే రాత్రి డ్యూటీవాళ్ళకి ఒళ్ళు జలదరింపు. వెనకటికి ఆ గదిలో ట్యూబుతోనే ఆహారం తీసుకునే ముసలావిడ ఉండేదట. ఆ ఆహారం ఎక్కించే పంపు, ఏమీ కాకపోయినా ఏదో అయినట్టు ఊరికే మోగేదట. పరిగెత్తి పరిగెత్తి విసిగిపోయి, ఒక రాత్రి ఎవరూ వెళ్ళలేదు... ఆ రాత్రి మోత ఉత్తది కాదు.

అప్పట్నుంచీ ఆ గది పగబట్టిందంటారు. ఎవరిని పడుకోబెట్టినా ఆవిడే మోగిస్తుందంటారు.

ఇప్పుడందులో విశ్వనాథంగారు. ఒకప్పుడు పేరున్న డాక్టరు, ఇప్పుడు గుటక వెయ్యలేరు. పొట్టలోకి ట్యూబు, పక్కన స్టాండుకి పంపు. భార్య కృష్ణకుమారిగారు రాత్రులు కుర్చీలోనే.

వచ్చిన రాత్రే మోత మొదలైంది. రాత్రి నర్సు విద్య, ఏలూరు పిల్ల, పరిగెత్తుకెళ్తే పంపు తెర మీద ట్యూబు మూసుకుపోయిందని ఎర్రగా ఉంటుంది. ట్యూబు చూస్తే తిన్నగా, శుభ్రంగా ఉంటుంది. కృష్ణకుమారిగారు శాలువా కప్పుకుని ఎటో చూస్తుంటారు. గది దాటి నాలుగడుగులు వేసిందో లేదో — మళ్ళీ మోత.

పెద్ద నర్సు డెబ్రాకి ఒళ్ళు మండింది. ఆ గది నిన్ను ఆడిస్తోందంది. ఇంకోసారి మోగితే నేనే ఆ పంపు గంట నోరు నొక్కేస్తానంది.

విద్యకి ఆ మాట నచ్చలేదు. నోరు నొక్కేశాక నిజంగానే ఏదైనా అయితే? పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే... ఆ మనిషి అరవనైనా అరవలేడు.

ఆ రాత్రి దీపాలార్పి, వెళ్ళినట్టే వెళ్ళి, తలుపు అద్దం దగ్గర నిలబడింది.

చీకటి... పంపు మీద పచ్చదీపం ఒక్కటే.

కిర్రు...

మంచం కదిలింది.

కుర్చీ ఖాళీ. తోసేవాళ్ళు లేరు. మంచం దానంతటదే, మెల్లగా, గోడ వదిలి తిరుగుతోంది... ట్యూబు బిగిసింది... స్టాండుకీ మంచం కమ్మీకీ మధ్య నలిగింది — మోత!

మంచం అవతల నించి తెల్లటి ఆకారమొకటి పైకి లేచింది.

విద్య తలుపు తోసుకెళ్ళి లైటు వేసింది.

తెల్లశాలువాలో కృష్ణకుమారిగారు. అప్పటిదాకా కింద కూర్చుని, చక్రాల బ్రేకులు విప్పి తోస్తున్నారు.

"ఏంటాంటీ ఇది?"

"ఉత్తరానికి తల పెట్టి పడుకోబెట్టారమ్మా," అన్నారావిడ గుసగుసగా. "బతికున్న మనిషిని."

మొదటిరోజే అడిగారట. డెబ్రా నవ్వి, మంచం ముట్టుకోవద్దందట. అందుకే ఈ దొంగచాటు. మోత వినగానే జడిసి మంచాన్ని మళ్ళీ గోడకి తోసేసేవారు. తోయగానే ట్యూబు వదులయ్యేది.

విద్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచం తలని తూర్పుకి తిప్పింది. స్టాండు ఇవతలికి తెచ్చి, తలవైపు ఎత్తి, బ్రేకులు వేసింది. ఇంక ముట్టుకోనని ఒట్టేయించుకుంది. ఆవిడ ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయారు. గది చల్లబడింది. విద్య టీ తాగడానికి వెళ్ళొచ్చింది.

తెల్లారబోతుండగా మోగింది. ఎన్నడూ లేనంత గట్టిగా.

ఈవిడ మళ్ళీ తిప్పేశారు, అనుకుంది విద్య. లేవబోయి కూర్చుంది... కానీ ఆ మోత చెవిలో దూరి తొలిచేస్తోంది. పరిగెత్తింది.

మంచం పెట్టినచోటే ఉంది. విశ్వనాథంగారు దిండు మీంచి కిందికి జారిపోయి ఉన్నారు. నోటి నిండా ట్యూబుతో పట్టిన ఆహారం. మొహం నీలం. పంపు ఆపి, మనిషిని పక్కకి తిప్పి, నోట్లోది మిషను గొట్టంతో పీల్చి శుభ్రం చేసి... ఆయన ఊపిరి అందుకున్నాక గానీ ఆమెకి ఊపిరాడలేదు.

కృష్ణకుమారిగారు ఉలిక్కిపడి లేచారు. "నీకెలా తెలిసిందమ్మా?"

"మోగింది కదాంటీ... మీ చెవి పక్కనే."

"ఏమీ మోగలేదే..."

విద్య పంపు వంక చూసింది. తెర మీద గంట బొమ్మకి అడ్డగీత. తను టీ తాగడానికి వెళ్ళినప్పుడే డెబ్రా వచ్చి, మోత రాకుండా దాని నోరు నొక్కేసి పోయిందన్నమాట.

మోత మాత్రం... ఇంకా ఆగలేదు.