అరకు కప్ప, నందివర్ధనం కొమ్మ

"మా నాన్నగారు నన్ను మీకిచ్చేశారటగా?"

జువాలజీ లాబ్ గుమ్మంలో నిలబడి అడిగింది మార్త. బయట వాన దంచేస్తోంది. చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి.

లోపలున్న జువాలజీ లెక్చరర్ ఇశ్రాయేలు ముఖం చేటంత అయింది. డెబ్బై నాలుగులో బెజవాడ మొత్తం గాలించినా అంత బుద్ధిమంతుడు ఇంకొకడు దొరకడు. అదే వచ్చిన చిక్కు! పక్కనున్న బాటనీ లాబ్‌లో పాఠాలు చెప్పే ఈ పిల్లంటే అతనికి ప్రాణం. తనకి కలకత్తాలో ఉద్యోగం వచ్చిందని తెలియగానే, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా ఉయ్యూరు బస్సెక్కి, తిన్నగా వాళ్ల నాన్న సంజీవరావు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ముందు పెద్దల్ని అడగటమే మర్యాద అనుకున్నాడు.

"మాస్టారు ఎంత సంతోషించారనుకున్నారు! ‘మా అమ్మాయి నందివర్ధనం కొమ్మ బాబూ, ఎక్కడ గుచ్చినా బతికి పూస్తుంది’ అన్నారండీ."

"బాటనీ మేడమ్‌కే పాఠం చెప్పారన్నమాట." ఆమె నవ్వలేదు. "ఇలా రండి."

కిటికీ పక్కన గాజుతొట్టి ఉంది. అందులో అరకు అడవుల నుంచి అతను పట్టి తెచ్చిన ఆకుపచ్చ చెట్టుకప్ప. చాలా అరుదైన జాతి. కాలేజీ అంతా వచ్చి చూసి మెచ్చుకుంది. వానకి ఊళ్లో కప్పలన్నీ గోలగోలగా అరుస్తుంటే, అది మాత్రం గాజుకి అతుక్కుని డొక్కలెగరేస్తోంది.

"ఏమన్నా తిందా?"

"పురుగులు వేస్తున్నా ముట్టటం లేదండీ."

"కొమ్మ ఎక్కడ గుచ్చినా బతుకుతుంది, నిజమే. ఈ కప్పకి మాత్రం తన చెట్టు కావాలి, తన చెమ్మ కావాలి. కొమ్మనీ ఎవరూ అడగరు, కప్పనీ ఎవరూ అడగరు. నాకు నోరుందిగా ఇశ్రాయేలుగారూ! నన్నడగాలని ఎందుకు తోచలేదు? మీరడుగుతారనే ఇన్నాళ్లూ చూశాను."

అతనికి సిగ్గేసింది. చేజేతులా పాడుచేసుకున్నాననుకున్నాడు. ఈ పిల్ల ఇక దక్కదేమోనని భయపడ్డాడు.

"తప్పయిపోయిందండీ. రేపే దీన్ని అరకు తీసుకెళ్లి వదిలేసి వస్తాను. మీరు ఒప్పుకోందే ఆ మాట చెల్లదని మాస్టారికీ చెబుతాను." తొట్టి వైపు నుంచి ఆమె వైపు తిరిగాడు. "మార్తగారూ, మీరంటే నాకు ప్రాణం. నన్ను చేసుకుంటారా? నాతో కలకత్తా వస్తారా?"

"రాననొచ్చా?"

అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"అనొచ్చండీ."

"అయితే వస్తాను," అంది మార్త.