బీరువాలో కత్తెర

పొద్దున్నే పెద్దమ్మాయి ఎవరిదో జాకెట్టు గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని, వంటింటి వైపు కేకేసింది.

"అమ్మా, కత్తెర!"

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బీరువా తాళం తీసి, గుడ్డ తనే కత్తిరించి, కత్తెర లోపల పెట్టి మళ్లీ తాళం వేసింది. కూతురు ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. మనసు బాగోలేక కొన్నాళ్లు అక్కడుంది, నయమైంది. జబ్బుగా ఉన్న రోజుల్లో కూడా ఎవరి మీదా చెయ్యెత్తిన పిల్ల కాదు. "తన పని తనని చేసుకోనివ్వండి" అన్నాడు డాక్టరు. తల్లి బుద్ధిగా తలూపి, వస్తూ వస్తూ తాళం కొనుక్కొచ్చింది. దీన్ని ప్రేమ అనాలట. నాకైతే నోరు రావడం లేదు.

"గీత దాటి కోశావమ్మా. ఇది వేసుకున్నావిడ చెయ్యెత్తి జుట్టు కూడా దువ్వుకోలేదు."

"కుట్టేటప్పుడు సర్దేద్దువులే."

"పోయిన గుడ్డని ఎక్కణ్ణుంచి తేను? ఓసారి నాకివ్వకూడదూ?"

"పొద్దున్నే మొదలెట్టకు తల్లీ."

అంతలో రెండిళ్ల అవతల ఉండే టీచరమ్మ వచ్చింది. కూతురి పెళ్లి బట్టలు కుట్టడానికి వీళ్లకే ఇచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మా పెళ్లి గుడ్డ ఇచ్చేయండి పిన్నిగారూ. వేరేచోట కుట్టించుకుంటాం."

"అదేంటమ్మా? మా పిల్ల కుట్టు నీకు కొత్తా?"

"కుట్టుకేం, వంక పెట్టలేం. కొలతలకి మా అమ్మాయి ఒక్కతే రావాలి కదా... భయం."

తల్లికి ఒళ్లు మండిపోయింది.

"ఏం చేసిందని భయం? ఎవర్నైనా కరిచిందా? పదిమందికి చదువు చెప్పేదానివి, ఆ మాట ఎలా వచ్చింది నీకు?"

"నా మీద ఎగురుతారేంటి? ఆసుపత్రి సంగతి తెలిసే గుడ్డ ఇచ్చాను. ఆ రోజే చూశాను. కత్తెర కోసం తను మిమ్మల్ని పిలిచింది. మీరు తాళం తీశారు, కోశారు, మళ్లీ వేశారు. కన్నతల్లే అంత భయపడుతుంటే, బయటివాళ్లం మేమేం అనుకోవాలి?"

పెద్దమ్మాయే లేచి గుడ్డ మడతపెట్టి ఇచ్చింది. వేళ్లు తగలకుండా అంచు పట్టుకుని తీసుకుని వెళ్లిపోయింది టీచరమ్మ.

ఆవిడ అటు వెళ్లగానే తల్లి బీరువా తెరిచి, కత్తెర తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఇక ఇది నీ దగ్గరే ఉంటుంది తల్లీ."

కూతురు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

"వద్దమ్మా."

"నా మీద కోపమా?"

"కోపం కాదు. నువ్వు ఇన్నాళ్లు దాచావంటే నాలో ఏదో చూసే ఉంటావు కదా. నాకు తెలియనిది నీకు తెలిసుంటుంది. ఇప్పుడు నాకే నేనంటే భయంగా ఉంది."

తల్లి కూతురి ఒళ్లో తల పెట్టి బావురుమంది.

"నీలో ఏం లేదే! ఆ భయం నాది. వీధికి అంటించాను, నీకూ అంటించాను."

కూతురు తల్లి కళ్లు తుడిచింది.

"ఊరుకో అమ్మా, ఊరుకో. ఇవాళ్టికి నువ్వే కొయ్యి," అంది, చిన్నపిల్లని బుజ్జగించినట్టు.