కెమెరా తుడిచిన పెళ్ళిచీర

ఆ బొమ్మవిమానం బరువు ముప్పావు కిలో. కౌంటర్ మీద పెట్టక ముందే, చేతిలోకి తీసుకోగానే సుందర్‌రాజ్‌కు తెలిసిపోయింది. రెక్కలు థర్మకోల్. తోకకు ప్యాకింగ్ టేప్. ముక్కు మీద అగ్గిపెట్టెలో సగముండే వీడియో కెమెరా. చంద్రాపూర్‌లో జట్‌పురా గేట్ దగ్గరి సందులో ఇలాంటి సరుకు అమ్మే దుకాణం అతనిదే. పిల్లలకు విమానాలు, కుర్రవాళ్ళకు మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు బిగించే కెమెరాలు. ఆ గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి ఏజెంట్ ‘గులాల్’ అని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ సోమవారం విమానం తెచ్చిన ఆవిడ హెల్మెట్ తీయలేదు.

“ఎర్ర రెక్కలది ఉన్నదా?”

“రెక్కలున్నయ్. ఎరుపే వెలిసింది.”

కోడ్ సరిపోయింది. సుందర్‌రాజ్ షట్టర్ సగం దించాడు. ఆవిడ హెల్మెట్ తీసి స్టూల్ మీద కూర్చుంది. షెరిన్ మేడమ్, ఏజెంట్లను నడిపే నాగ్‌పూర్ ఆఫీసు చీఫ్.

“కోర్పనా దగ్గర సోయాబీన్ చేన్ల పడ్డది. రైతు తెచ్చి పోలీస్ చౌకీల ఇచ్చిండు, పిలగాళ్ళదనుకొని.”

“కార్డ్‌ల ఏమున్నది?”

“వార్ధా నది మీది రైలు వంతెన. నాలుగు దిక్కుల నుంచి తీసిన్రు.”

“ఎవరి పని?”

“మార్టెన్. ఫారిన్ స్పై రింగ్ నడుపుతడు. డ్రోన్ కొంటే రిజిస్ట్రేషన్, ట్రాకింగ్, నూరు ప్రశ్నలు. బొమ్మవిమానాన్ని ఎవడడుగుతడు? ముక్కుల పావుకిలో పేలుడు మందు పెడితే చాలు.” ఆమె వేళ్ళు మడిచింది. “శుక్రవారం సాయంత్రం అయిదుంబావుకు బల్లార్‌పూర్ నుంచి వచ్చే స్పెషల్ గూడ్స్ ఆ వంతెన దాటుతది. ఒక్క వ్యాగన్‌ల రాకెట్ ఇంధనం. అది అంటుకుంటే వంతెన ఉండది, వంతెన కింద చేపలు పట్టేటోళ్ళుండరు. ఏ వ్యాగనో మార్టెన్‌కు తెల్వది. అందుకని మోటార్‌సైకిల్ మీద ఇంకో కెమెరా. రోడ్డు వంతెన మీద రైలు పక్కపొంటి పోతూ వ్యాగన్ చూపిస్తది. విమానం వెనక నుంచి వస్తది. రెండు కండ్లు, ఒకటే మెదడు.”

ఆమె లాప్‌టాప్‌లో వీడియో నడిపింది. మొదటి మూడు సెకన్లు తెర నిండా తెల్లగుడ్డ. కెమెరా అద్దాన్ని గుండ్రంగా తుడిచి పక్కకు జరిగింది. తర్వాత ఆకాశం.

“ఆ గుడ్డ గుర్తుపట్టినవా?”

“తెల్లగుడ్డ. బజార్ల శానా దొర్కుతయ్.”

వ్యాపారంలో సుందర్‌రాజ్ ఎన్నో అబద్ధాలు చెప్పాడు. ఇంత నాసిరకం అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు.

లాల్‌పేట్ గని పక్కన పుట్టినవాళ్ళకు ఒక అలవాటు. దేన్ని ముట్టుకున్నా ముందు తుడుస్తారు. గిన్నె, కుర్చీ, బైబిల్ అట్ట, సైకిల్ సీటు. బొగ్గుపొడి కింద కెమెరా ఎర్రదీపం వెలిగిందో లేదో కనిపించదు కనుక స్విచ్ వేశాకే తుడుస్తారు. అందుకే లాల్‌పేట్ మనిషి తీసిన ప్రతి వీడియో గుడ్డతోనే మొదలవుతుంది. పైగా ఈ గుడ్డకు సన్నటి వెండి అంచు ఉంది. అది ఒక పెళ్ళిచీర అంచు. బల్లార్‌పూర్ చర్చిలో పెళ్ళినాడు సుందర్‌రాజ్ భార్య, లాల్‌పేట్ బిడ్డ కెజియా కట్టుకున్న తెల్ల నూలుచీర. బాగా నలిగిపోయాక దాన్ని తనే కత్తిరించింది. “మెత్తగైన నూలు కంటె అద్దానికి మంచి గుడ్డ దొర్కదు” అంటూ ఆరు ముక్కలు చేసి, మూడు భర్తకిచ్చింది. ఇద్దరూ ఏజెంట్లే, ఇద్దరికీ కెమెరాలతోనే పని.

రెండేళ్ళ కింద కెజియా వేషం మార్చి మార్టెన్ రింగ్‌లోకి వెళ్ళింది. ఆరు నెలలకు కబుర్లు ఆగిపోయాయి. ఇద్దరు ఏజెంట్లు దొరికిపోయారు. ఆఫీసు ఆమె ఫైల్ మీద ‘అమ్ముడుపోయింది’ అని రాసి మూసేసింది. సుందర్‌రాజ్ గోడ మీద ఫోటో తీసి బీరువాలో పెట్టాడు. మేకు మాత్రం తీయలేదు.

బుధవారం మధ్యాహ్నం దుకాణం ముందు నల్ల మోటార్‌సైకిల్ ఆగింది. నడిపినవాడు నవనీత్, రింగ్‌కు లోకల్ మనిషి. ఇంజన్ ఆపలేదు. హ్యాండిల్ మీది కెమెరా సరిగ్గా కౌంటర్ వైపే ఉంది. వెనక సీటు నుంచి దిగిన ఆడమనిషి నల్లద్దాలు, తోలు జాకెట్, పెదాలకు ముదురెరుపు. సందులో నడిచే జనం రెండోసారి తిరిగి చూసే అందం.

సుందర్‌రాజ్ మాత్రం ఒక్కసారే చూశాడు. అది చాలు.

“దాదా, రెండు కెమెరాలు కావాలె. ఒకటి విమానానికి, ఒకటి హెల్మెట్‌కు. దూరం నుంచి సాఫ్‌గ కనపడాలె.”

“ఎంత దూరం, మేడమ్?”

“రెండు కిలోమీటర్లు.”

అతను లోపలి అరలోంచి రెండు తీశాడు. అవి ఆఫీసు తయారుచేసినవి. కొన్నవాడికి చూపించే బొమ్మనే అమ్మినవాడికీ పంపుతాయి. వాటిని కౌంటర్ మీద పెడుతూ, అడగకూడని మాట అడిగాడు.

“మేడమ్‌ది ఈ ఊరేనా?”

“ఊరేంది, దాదా. యాడ పనుంటే ఆడ.”

“ఇంటికి పోబుద్ధి కాదా?”

“ఏ ఇల్లు?” ఆమె నవ్వింది. గడప దగ్గర నవనీత్ కూడా నవ్వాడు.

“జల్దీ కానీ, వదినా. ఈ దుకాన్‌వాలా ఇండ్ల ముచ్చట్లు పెట్టిండు.”

ఆమె కెమెరా చేతిలోకి తీసుకుంది. “గిట్ల దుమ్ముతోని అమ్ముతవా? చూపు కరాబైతది.” జాకెట్ జేబులోంచి తెల్లగుడ్డ తీసి అద్దం తుడిచింది. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడిచింది. అద్దాల వెనక ఆమె కళ్ళు ఎటు చూస్తున్నాయో సుందర్‌రాజ్‌కు కనిపించలేదు. అతను చూసింది గుడ్డను. తమ పెళ్ళిచీరతో ఆమె శత్రువు కెమెరా తుడుస్తోంది. అంతే అనుకున్నాడు. ఆ మధ్యాహ్నం అంతకు మించి అతని తలకు ఎక్కలేదు.

బండి వెళ్ళాక తూకం వేసుకున్నాడు. ఒక పళ్ళెంలో ఎనిమిదేళ్ళ కాపురం. ఇంకో పళ్ళెంలో రైలు, వంతెన, కింద వలలు వేసుకునే జనం. న్యాయంగా తూచానని అతని నమ్మకం. “ఏ ఇల్లు” అన్న రెండు మాటలు రెండో పళ్ళెంలో దొంగరాయిలా పడ్డాయని మాత్రం తనకు తాను చెప్పుకోలేదు.

ఫోన్ తీశాడు.

“మేడమ్, ఆ గుడ్డ కెజియాది.”



“సోమవారం చూసినవు. బుధవారం చెప్తున్నవు.”

“అవును.”

“మార్టెన్ ఏ చేన్ల కూసుంటడో తెల్వది. మనకు కండ్లకు కనపడేది బైక్ ఒక్కటే. బైక్ మీద ఆమె ఉంటే ఎట్ల?”

“బైక్ మీది మనిషిని నేనే చూస్త. కాల్చమనే మాట నేనే ఇస్త.”

“ఏ మాట?”

దుకాణదారుడికి నోటికొచ్చిన మాటే అన్నాడు. “షట్టర్ దించుండ్రి.”

శుక్రవారం. రోడ్డు వంతెన మొదట్లో జామకాయల బుట్టతో సుందర్‌రాజ్ కూర్చున్నాడు. తలకు తువ్వాల, గళ్ళలుంగీ, కాయల కింద అరచేయంత స్క్రీన్, చెవిలో బియ్యపుగింజంత ఇయర్‌ఫోన్, తువ్వాలలో మైక్. వెనక ఆగిన లారీలో దేవన్న, గురి తప్పని షార్ప్‌షూటర్. నది మీద పక్కనే రైలు వంతెన ఎండలో మెరుస్తోంది.

నాలుగూ యాభైకి స్క్రీన్ వెలిగింది. విమానం కెమెరా. ముందు తెల్లగుడ్డ వచ్చింది. వెండి అంచు. గుండ్రంగా తుడిచి పక్కకు పోయింది. వెనక పత్తిచేను కొంచెం మసకగా కనిపించింది. గనుల వైపు నుంచి గాలి వీస్తోంది, బొగ్గుపొడి అనుకున్నాడు.

ఇక అనుమానం లేదు. మందు పెట్టిన విమానాన్ని ఆమె చేతులే సిద్ధం చేశాయి.

అయిదూ పన్నెండు. రైలు వంతెనెక్కింది. నల్ల మోటార్‌సైకిల్ రోడ్డు వంతెన మీదికి వచ్చింది, ఈసారి దాని మీద ఒక్కరే. హెల్మెట్ మీద అగ్గిపెట్టె కెమెరా. బుట్ట పక్కనుంచి పోతూ హెల్మెట్ ఒక్క క్షణం అతని వైపు తిరిగింది. మళ్ళీ రైలు వైపు. తుపాకీ గార్డులు నిలబడ్డ వ్యాగన్‌కు సమానంగా బండి నడుస్తోంది.

“గులాల్,” చెవిలో షెరిన్ గొంతు. “ఆమేనా?”

“ఆమే.”

“టైమ్ లేదు.”

సుందర్‌రాజ్ బండి మీంచి చూపు తిప్పకుండానే మాటిచ్చాడు.

“షట్టర్ దించుండ్రి.”

ఒకటే చప్పుడు. బండి పక్కకు వాలి, రోడ్డు మీద నిప్పులు రాలుస్తూ జారి, రెయిలింగ్‌కు కొట్టుకుని ఆగింది.

కానీ అప్పటికే మార్టెన్ వ్యాగన్ చూసేశాడు. తూర్పు ఒడ్డు పత్తిచేను లోంచి థర్మకోల్ విమానం లేచింది. సుందర్‌రాజ్ స్క్రీన్ మీద వంతెన పెద్దదవుతోంది. గార్డుల టోపీలు కనిపిస్తున్నాయి. విమానం వ్యాగన్ వైపు తిరిగింది. అంటే పడమరకు. వాలుతున్న ఎండకు ఎదురుగా.

స్క్రీన్ పాలు పోసినట్టు తెల్లబడింది.

వంతెన లేదు, రైలు లేదు. అద్దం నిండా గుండ్రటి గీతల్లో జిడ్డు వెలిగిపోతోంది. విమానం గుడ్డిగా ఊగింది, లేచింది, వ్యాగన్ మీది నుంచి రెండు మూరల ఎత్తున దాటి నదిలో పడింది. మందు పేలి నీళ్ళు తాటిచెట్టెత్తు లేచాయి. రైలు ఆగకుండా కూత వేసుకుంటూ పోయింది.

లాల్‌పేట్ మనిషి అద్దాన్ని మురికిగా వదలడు. వదిలితే, కావాలనే.

సుందర్‌రాజ్ బుట్ట తన్నుకుంటూ పరిగెత్తాడు. జామకాయలు వంతెన పొడుగునా దొర్లాయి. అతను వెళ్ళేసరికి ఆమెకు చెప్పడానికీ, వినడానికీ ఏమీ మిగల్లేదు. జాకెట్ జేబులోంచి తెల్లగుడ్డ సగం బయటికి వచ్చింది. దానికి కొబ్బరినూనె వాసన.

పత్తిచేనులో మార్టెన్‌ను పట్టుకున్నప్పుడు వాడు ఇంకా కళ్ళకు వీడియో గాగుల్స్ పెట్టుకునే ఉన్నాడట. పోలీసులు మీద చేయి వేసేదాకా తెల్లటి తెరనే చూస్తున్నాడట. నవనీత్ రాజురా బస్టాండ్‌లో దొరికాడు.

హెల్మెట్ కెమెరా చవక సరుకు. దూరానికి బొమ్మను పంపుతుంది, గొంతును పంపదు. గొంతు కార్డ్‌లోనే ఉండిపోతుంది. మర్నాడు షెరిన్ మేడమ్ ఆ కార్డ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. మొదటి మూడు సెకన్లు గుడ్డ. తర్వాత రోడ్డు, గాలి హోరు, కెజియా.

“సుందరూ, సోయాబీన్ చేన్ల విమానం నేనే పడేసిన. గుడ్డ చూస్తే నీకు తెలుస్తదని. దుకాణంల మొఖం మాడ్చుకొని కూసున్నవు, సమజయిందో లేదో తెల్వలే. ఎనక ఆడు వింటుండె, ఏం చెప్త. ఇయ్యాల అద్దానికి నూనె రాసిన. ఎండకు ఎదురుగ మళ్ళంగనే ఆనికి ఏం కానరాదు. నువ్వు ఆగమాగం కాకు. రైలు దాటంగనే బండి తిప్పుకొని వస్త.” కాస్త నవ్వు. “జామకాయల బుట్ట నీకు అసలే నప్పలే.”

ఆ తర్వాత వచ్చే చప్పుడుకు ముందే సుందర్‌రాజ్ ఆపేశాడు.

“ఆఫీసు కూడ తప్పే రాసుకున్నది, సుందర్,” అంది షెరిన్. “రెండేండ్ల కిందనే. నీ ఒక్కనిదే కాదు.”

“ఎవరి వాటా ఎంతనో నాకెరుక, మేడమ్.”

ఫోటో మళ్ళీ మేకుకు ఎక్కింది. ఆ వారమే దుకాణం తెరిచాడు. దుకాణదారుడి వేషం చెడకూడదు కదా.

మొదటి బేరం మంగతాయి, బల్లార్‌పూర్ స్కూల్ టీచర్. స్కూటీకి కెమెరా కావాలంది. సుందర్‌రాజ్ స్విచ్ వేసి, వెండి అంచు గుడ్డతో అద్దం తుడిచి చేతికిచ్చాడు.

“సాఫ్‌గ కనపడ్తదా, అన్నా? గ్యారంటీ ఉన్నదా?”

“కెమెరాకు ఆర్నెల్లున్నది, తల్లీ,” అన్నాడు. “చూసేటోనికి లేదు.”