మీటియర్ ముక్కు బరువు

సార్జెంట్ గిబ్బన్స్ శవం ఉదయం ఆరింటికి, మంటలార్పే నీళ్ల తొట్టిలో తేలింది. ఏడింటికల్లా కర్నల్ ప్రిమ్ ఇంగ్లండ్ కెంట్ తీరంలోని ఆ వైమానిక స్థావరానికి వచ్చి టీ బండి దగ్గర నిలబడ్డాడు.

బండిలో టీ పోస్తున్న ఏజెంట్ కె-7 అసలు పేరు వినిఫ్రెడ్ స్టాక్‌డేల్. వయసు నలభై మూడు. మారువేషం కోసం శాఖ ఇచ్చింది ఒక పూల ఏప్రన్, తలకు స్కార్ఫు. నడుం నొప్పీ విసుగూ ఆమె ఇంటి నుంచే తెచ్చుకుంది.

"ఈ ఏడాది ఆపిల్స్ పులుపెక్కాయి," అన్నాడు కర్నల్. అది కోడ్.

"మా అత్తగారికి పులుపే ఇష్టం లెండి. చెప్పండి సార్."

"గిబ్బన్స్ తాగి పడిపోయాడంటున్నారు."

"ఆయన తాగేది నా టీ ఒక్కటే. దానికి ఇంతవరకూ ఎవరూ పోలేదు."

కర్నల్ నవ్వలేదు. "పదకొండింటికి ఇద్దరు మంత్రులొస్తున్నారు. వాళ్ల కళ్లముందు మన కొత్త జెట్ విమానం మీటియర్ ఎగరాలి. అది గాల్లో పేలిందా, జెట్‌లన్నీ షెడ్డుకే. ఇక లండన్ మీదికొచ్చే ఎగిరే బాంబుల్ని తరిమి పట్టేదెవరు? బెర్లిన్ ముఠా ప్లాన్ అదే. ఇంధనంలో ఏదో కలుపుతారని సెలీన్ కబురు తెచ్చింది. ట్యాంకర్ చుట్టూ కాపలా పెట్టాను."

సెలీన్ ద్యుప్రే పైలట్ల కారు నడిపే ఫ్రెంచి పిల్ల. యుద్ధం ఐదో ఏట కూడా ఆమె పెదాలకు లిప్‌స్టిక్ ఎక్కడి నుంచి వస్తుందో ఏ గూఢచారి శాఖా కనిపెట్టలేకపోయింది. డబుల్ ఏజెంట్. జర్మన్ల దగ్గర జీతం, కర్నల్ దగ్గర నమ్మకం.

పదిన్నరకు పైలట్ పెన్‌రోజ్ వచ్చి, ఎప్పటిలాగే రెండు బన్నులు తీసుకున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. "ఒకటి ఇక్కడ పెట్టు విన్నీ, దిగాక తింటాను," అని నడిచిపోయాడు. వినిఫ్రెడ్ దాని మీద సాసర్ బోర్లించింది.

ప్రొపెల్లర్ లేని ఆ విమానానికి తోక బరువెక్కువ. అందుకని ముక్కులో సీసం దిమ్మలు బిగిస్తారు. గిబ్బన్స్ రోజూ ముందు చక్రం కాలు మీద మెరిసే ఉక్కును వేళ్లతో కొలిచేవాడు. నాలుగు వేళ్లు కనిపిస్తే బరువు సరిపోయినట్టు, అంతకు మించితే ముక్కు తేలికైనట్టు. మూడు వారాలుగా వినిఫ్రెడ్ చూస్తోంది. ఆయన కొలవకుండా విమానాన్ని వదిలేవాడు కాదు.

పదకొండింటికి రెండు ఇంజిన్లూ కీచుమంటున్నాయి. మంత్రులు కుర్చీల్లో సర్దుకున్నారు. మెకానిక్ టాబిట్‌కు టీ అందిస్తూ ఆమె చక్రం వైపు చూసింది. ఆరు వేళ్ల ఉక్కు మెరుస్తోంది.

"టాబిట్, ముక్కు లేచిందేం?"

"ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్లా? ఏం లేచింది?"

"ముందు కాలు చూడవయ్యా."

"ఓ, అదా. దిమ్మ ఒకటి పగిలిందని సెలీన్ కొత్తది తెచ్చింది. ఎంత చలాకీ పిల్లనుకున్నావు, చంకలో పెట్టుకుని తెచ్చేసింది."

"పగిలినదాన్ని ఎంతమంది దించారు?"

"ముగ్గురం. నా నడుం..." తన మాట తన చెవిన పడగానే టాబిట్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

విమానం కదిలింది. హెల్మెట్‌లో ఉన్న పెన్‌రోజ్‌కు అరుపులు వినపడవు. ఇంజిన్ నడిచే జెట్ ముందుకు పది గజాల లోపు ఎవరూ వెళ్లకూడదు, టోపీలు కూడా జేబుల్లోనే ఉండాలి. అక్కడ మొదటి నియమం అది. వినిఫ్రెడ్ ఏప్రన్ విప్పుతూ పరుగెత్తింది. ఇంజిన్ పీల్చే గాలి ఆమె స్కార్ఫును ముందే లాక్కుపోయింది. రెక్క పక్కన మోకాళ్ల మీద పడి, ఎడమ ఇంజిన్ నోట్లోకి ఏప్రన్ విసిరింది.

ఇంజిన్ పూలన్నీ మింగి, దగ్గి, చచ్చింది. మీటియర్ పక్కకు తిరిగి గడ్డిలో ఆగింది.

ముక్కులో దొరికిన దిమ్మకు సీసం పైపూతే. లోపల పేలుడు మందు, మూడువేల అడుగుల ఎత్తులో మీట నొక్కుకునే యంత్రం.

సెలీన్ పారిపోలేదు. కారుకు ఆనుకుని నిలబడింది. వినిఫ్రెడ్ టీ బండిలోని థర్మాస్ అడుగు తిప్పి, అందులో దాచిన పిస్టల్ బయటికి తీసింది.

"ఆ ఏప్రన్ నాకెప్పుడూ నచ్చలేదు విన్నీ."

"గిబ్బన్స్ ఏం చేశాడే నిన్ను?"

"ఇవాళొక్కరోజు కొలవద్దని బతిమాలాను. వినలేదు." సెలీన్ విషం కుట్టిన తన కాలర్ అంచు కొరికింది. కర్నల్ చేరేసరికి లిప్‌స్టిక్ ఒక్కటే రంగు మారకుండా ఉంది.

"మన మనిషి," అన్నాడు కర్నల్, నమ్మలేనట్టు.

"సగం," అంది వినిఫ్రెడ్.

సాయంత్రం కర్నల్ కార్యాలయం నుంచి రెండు కాగితాలు వెళ్లాయి. ఒకటి మంత్రులకు: ఇంజిన్‌లో పక్షి పడింది, విమానంలో లోపం లేదు, జెట్‌లు రేపటి నుంచి యథావిధిగా ఎగురుతాయి. రెండోది గిబ్బన్స్ భార్యకు: మీవారు మద్యం మత్తులో కాలు జారి మరణించారు, చింతిస్తున్నాము.

వినిఫ్రెడ్ రెండూ చదివి కర్నల్‌కు తిరిగిచ్చింది.

"తేదీ మాత్రం కరెక్టుగా వేశారు సార్."