బెగిమాయ్ కంప్యూటర్ మేలుకొని ఉన్నంతసేపు

ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎల్జార్ లేచి, గోడవారగా కింది ఇంటికి దిగే వేడినీటి గొట్టాన్ని చెంచాతో టంగుటంగుమని కొట్టి, బాల్కనీలోకి వెళ్లి నిలుచున్నాడు. బిష్కెక్ నగరంపై మంచు కలిసిన వాన సన్నగా పడుతున్నది.

కింది అంతస్తు బాల్కనీ నుంచి ఒక ముఖం పైకి తిరిగింది. చెవులపై ఎప్పటివలెనే పెద్ద హెడ్‌ఫోన్లు.

"ఏంటి ఎల్జార్ బాయ్‌కే, ఆ గొట్టం మీకేం అన్యాయం చేసింది?"

"కంప్యూటర్ ఆపేశావు కదూ, బెగిమాయ్?"

"పాపం, దాన్నీ కాసేపు పడుకోనివ్వండి."

"అది పడుకుంటే నా పని ఆగిపోతుంది."

"ఏం పని?"

ఆ సాయంత్రం ఎల్జార్ చేసిన పనల్లా, తానెన్నడూ వెళ్లని నరీన్ పట్టణంలో చలి ఎంత ఉన్నదో చూడడమే.

టెలిఫోన్ లైను కింది ఇంట్లోనే ఉన్నది. అక్కడి నుంచి ఒక నీలం తీగ బాల్కనీల వెంట పైకెక్కి ఎల్జార్ గదిలోకి వచ్చేది. బెగిమాయ్ కంప్యూటర్ మేలుకొని ఉంటేనే అతని కంప్యూటర్‌కు లోకం కనబడేది. పేజీ తెరుచుకున్నదంటే ఆమె ఇంట్లో ఉన్నట్లు. తెరుచుకోలేదంటే వైద్య కళాశాల నుంచి ఇంకా రానట్లు. చలికాలమంతా అతడు ఇంటర్నెట్‌ను ఆ ఒక్క వార్త కోసమే వాడుకున్నాడు. ఆమె మాత్రం, పెద్దవాడైన ఏ మగవాణ్నైనా ఆ దేశపు ఆడపిల్లలు పిలిచినట్లే, నోరారా 'అన్నగారూ' అన్నట్లు 'బాయ్‌కే' అని పిలిచేది. ఆ మర్యాద అతని ప్రాణం తీసేది.

"ఇంకొక్క వారం ఓపిక పట్టండి. నాన్న రౌటర్ తెస్తున్నారు. నా కంప్యూటర్ ఉన్నా లేకపోయినా మీకు నెట్ వస్తూనే ఉంటుంది. సంతోషమేనా?"

"చాలా," అన్నాడు ఎల్జార్, చావుకబురు విన్న ముఖంతో.

మర్నాడు అతడు ఓష్ బజారుకు వెళ్లి, పగడాలు కూర్చిన వెండి కమ్మలు కొన్నాడు. ఇన్నాళ్లూ నెట్ ఇచ్చినందుకు కృతజ్ఞత. అంతకు మించి చెప్పే ధైర్యం లేదు. స్వయంగా వెళ్లి ఇచ్చే ధైర్యమూ లేదు. తల్లి సైరా ఆప్రికాట్ జామ్ సీసాతో కిందికి బయలుదేరుతుంటే, పెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"ఏముందిరా ఇందులో?"

"కమ్మలు. బెగిమాయ్‌కి. నెట్ ఇచ్చినందుకు."

సైరా కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసింది. "నెట్ ఇచ్చినందుకు! నన్నే తీసుకెళ్లమంటావు?"

"నువ్వైతే బాగుంటుందమ్మా."

"నేనైతేనే బాగుంటుంది నాయనా."

ఆమె వెళ్లిన తరువాత చూస్తే జామ్ సీసా బల్లపైనే ఉన్నది. బీరువా తలుపు తెరిచి ఉన్నది. శుభకార్యాలకు కట్టుకునే తెల్లని తలగుడ్డ అందులో లేదు. అప్పుడు వెలిగింది ఎల్జార్‌కు. పిల్లవాడి తల్లి కమ్మలు పట్టుకుని పిల్ల ఇంటికి వెళ్లిందంటే, అది సంబంధం ఖాయం చేసుకోవడానికే. ఆ దేశంలో పాకే పసివాడికైనా తెలిసిన సంగతి. దాన్ని నాయనమ్మల కాలపు ముచ్చటగా లెక్కకట్టి మరిచిపోయినవాడు తానొక్కడే.

"అమ్మా! నెట్ కోసమని చెప్పావా?" అన్నాడు, ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే.

"మరిచిపోయానురా," అన్నది సైరా, ఏమాత్రం సిగ్గుపడకుండా. "పిల్ల ఇంట్లో లేదు. పెట్టె వాళ్లమ్మకిచ్చాను. వద్దనుకుంటే తిప్పి పంపిస్తారు."

నాటి నుంచి పేజీ తెరుచుకోలేదు. ఎల్జార్ చెంచా పట్టుకుని గొట్టం దాకా వెళ్లేవాడు, వెనక్కి వచ్చేవాడు. తలుపు చప్పుడైతే చాలు, పెట్టె తిరిగి వచ్చిందేమోనని తనే ముందు వెళ్లి తీసేవాడు. గాలికి నీలం తీగ కిటికీ అద్దాన్ని తడుతుంటే, ఎవరో పిలిచినట్లే ఉండేది. ఎవరూ పిలవలేదు.

తరువాత రౌటర్ వచ్చింది. నరీన్ చలి రెప్పపాటులో తెరపై నిలిచింది. ఉదయం నొక్కినా నిలిచింది, మధ్యాహ్నం నొక్కినా నిలిచింది. లోకమంతా కనబడుతున్నది, ఆమె ఇంట్లో ఉన్నదో లేదో మాత్రం ఆ లోకంలో ఎక్కడా రాసి లేదు.

ఆ సాయంత్రం గొట్టం మోగింది. కింది నుంచి.

ఎల్జార్ చెప్పులైనా తొడుక్కోకుండా బాల్కనీలోకి పరుగెత్తాడు. కింద బెగిమాయ్ వానలో తల పైకెత్తి నిలుచున్నది. హెడ్‌ఫోన్లు లేవు. చెవి తమ్మెలు రెండూ ఎర్రగా కంది ఉన్నాయి. వాటిలో సన్నని దారాలు.

"చలికాలమంతా చూశారు కదా, నాకు చెవులు కుట్టలేదని కనబడలేదా?"

"హెడ్‌ఫోన్లు కనబడ్డాయి."

"చిన్నప్పుడు సూది చూసి పారిపోయాను. కుట్టని చెవులకు ఎవరూ కమ్మలు పెట్టలేరులే అని నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడేమో తిప్పి పంపమంటావా అని అమ్మ రోజూ ఒకటే అడగడం!"

"ఆ కమ్మలు... నిజానికి నెట్ ఇచ్చినందుకు..."

ఆమె ముఖం వాడిపోయింది. "నెట్‌కా?"

"అని అమ్మతో చెప్పాను. అబద్ధం చెప్పాను, బెగిమాయ్. నాకు నెట్‌తో పనేం లేదు. నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో చూసుకునేవాణ్ని, అంతే."

బెగిమాయ్ పెదవి కొరుకుతూ నవ్వింది.

"మరి నేను కంప్యూటర్ ఎందుకు ఆపేదాన్ననుకున్నారు? ఆపితేనే కదా గొట్టం మోగేది. మోగితేనే కదా మీరు బాల్కనీలోకి వచ్చేది."

ఎల్జార్ బాల్కనీ కటకటాలను గట్టిగా పట్టుకున్నాడు. "నొప్పిగా ఉందా?"

"చాలా. పుండు మానేదాకా కమ్మలు పెట్టుకోకూడదట. ఓపిక పట్టగలవా, ఎల్జార్?"

పేరు తరువాత రావలసిన 'బాయ్‌కే' కోసం అతడు అలవాటుగా ఎదురుచూశాడు. వాన పడుతూనే ఉన్నది. ఆ మాట రాలేదు.