మర్యాద తెలిసిన స్పీకర్

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఆనకట్ట గేట్ల ఇంజనీరు, ఆయన భార్య, ఆయన అత్తగారు, స్పీకర్ల కంపెనీ నుంచి వచ్చిన కస్టమర్ కేర్ మేడమ్, పాత సామాన్లు కొనే ఆడమనిషి ఒకతె. లోపలి గది అలమర మీద ఇంకొకడున్నాడు గానీ వాడిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. వాడు నల్లటి వైర్‌లెస్ స్పీకర్.

సామాన్లు కొనే మనిషి భుజాన గోనెసంచి, చేతిలో స్ప్రింగ్ కాటా, కాళ్లకు తెగిన చెప్పులు. నిజానికి ఆమె నిఘా డిపార్ట్‌మెంట్ మనిషి; అక్కడ ఆమెను తూనీగ అంటారు. ఆ గోనెసంచి కంపు పొద్దుట్నుంచీ ఆమె ముక్కులోనే కాపురం పెట్టింది. అయినా డిపార్ట్‌మెంట్ పెద్దాయన గది కంటే ఇదే నయం అనుకుంది.

పెద్దాయన గది అంటే రేడియో రిపేరు షాపు వెనక కొట్టు. పొద్దున అక్కడే పని అప్పగించాడు. తాళంచెవితో చెవి కెలుక్కుంటూ, కొసన వచ్చింది చూసుకుని బల్ల అంచుకు రాస్తూ చెప్పాడు. తూనీగ చూపు తిప్పుకుని విన్నది.

"ఈ మోడల్ స్పీకర్లకి కంపెనీ ఇవాళ మధ్యాహ్నంతో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఆపేస్తోంది."

"పాడైపోయాయా సార్?"

"పాడా? నిక్షేపంలా పాడుతున్నాయి. కొత్తవి అమ్ముడుపోవాలిగా! ఇన్నాళ్లూ వీటికి అప్‌డేట్లు పంపిన సర్వర్ని తాళాలతో సహా తెగనమ్మేశారు. కొన్నది విదేశీ ముఠా."

"అంటే ఇక స్పీకర్లు ముఠా మాట వింటాయి."

"మన మాటలు ముఠాకి వినిపిస్తాయి. అందులో మైక్ ఉంది."

 జనం కొని వరండాలో పెంచుకున్న కుక్కను, అమ్మినవాడే మళ్లీ దొంగలకు అమ్మినట్టుంది అనుకుంది తూనీగ.

"ఆ ఇంజనీరు ఇంటి సంగతేంటి?"

"గేట్లు తెరిచే కోడ్ నెలకోసారి మారుతుంది. కాగితం మీద రాయరు, కంప్యూటర్‌కి చెప్పరు. ఇంజనీరు నోటితో చెబుతాడు, అత్తగారు ఒక్కో అంకె తిరిగి అప్పజెబుతుంది. ఆవిడ ఒకప్పుడు ఆనకట్ట టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ మనిషి. ఆ బుర్ర ఇనప్పెట్టె. మధ్యలో ఆటంకం వస్తే ఆ కోడ్ రద్దు, మళ్లీ కొత్తది. చివరి అంకె దాకా పూర్తయిందా, అమల్లోకి వచ్చినట్టే. అది ముఠా విన్నదా, గేట్లు వాళ్లవి. దిగువ ఊళ్లన్నీ నీళ్లపాలు."

"పక్కింటివాళ్లు వింటే?"

"వినపడకూడదనేగా, చదివేటప్పుడు పాట గట్టిగా పెడతారు."

"దేంట్లో సార్?"

పెద్దాయన తాళంచెవి రెండో చెవిలో పెట్టాడు.

"వాళ్లకి చెప్పేస్తే పోలా?"

"చెబితే ముఠా కూడా మేలుకుంటుంది. వాళ్లు కదలాలి, మనం పట్టుకోవాలి. ముఠాలో మన మనిషి ఉంది. మారుపేరు గాజుబొమ్మ, కంపెనీ మనిషి వేషంలో వస్తుంది. గుర్తుమాట చెప్పు, సాయం చేస్తుంది. ఈ కాటాలో జామర్ ఉంది. స్పీకర్ దగ్గర పెట్టావంటే అది ఎవరికీ ఏమీ పంపలేదు."

ఇప్పుడు హాల్లో ఇంజనీరు భార్య చిక్కుపడిన వైర్లు, చచ్చిన రిమోట్లు తెచ్చి కుప్ప పోస్తోంది. సోఫాలో కస్టమర్ కేర్ మేడమ్ పట్టుచీరలో, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆమె సెంటు వాసన గోనెసంచి వాసనతో కలిసి గది నిండా కుళ్లిన పూలబుట్ట బోర్లించినట్టుంది.

"మీరు మా కస్టమర్లు కాదండీ, మా కుటుంబం," అంటోంది మేడమ్. "అందుకే నేనే స్వయంగా వచ్చాను. ఆఖరి అప్‌డేట్ నా చేతులతో వేసి వెళ్తాను."

తూనీగ కాటా సర్దుకుంటూ తనలో తాను గొణుక్కున్నట్టు అంది. "పాత పాటలు ఇంకా వస్తాయా అమ్మగారూ?"

మేడమ్ నవ్వింది. "వినేవాళ్లుంటే ఎందుకు రావూ?"

సరైన జవాబు. ఇంజనీరు భార్య ఇంకో పెట్టె కోసం లోపలికి వెళ్లగానే కాటా చేతులు మారింది. మేడమ్ దాన్ని పెద్ద హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలి గదిలోకి వెళ్లి వచ్చింది. "పెట్టేశాను," అని కళ్లతోనే చెప్పింది.

కాసేపటికి ఇంజనీరు, అత్తగారు ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పాట మోగింది. ఇల్లంతా అదిరింది.

అంతలోనే, అంకెలు మొదలవకముందే, అత్తగారు మంచినీళ్ల కోసం బయటికి వచ్చింది.

"ఏమ్మా మేడమ్, ఏం మందు వేశావు దానికి? మా అల్లుడు నోరు తెరిస్తే చాలు, పాట గొంతు తగ్గించుకుంటోంది! ఈ ఇంట్లో ఆయనకి అంత మర్యాద ఇచ్చింది అదొక్కటే."

"అమ్మా!" అంది కూతురు.

"నిజమేగా. నువ్వెప్పుడైనా తగ్గావా?" మంచినీళ్లు తాగి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

తూనీగ చేతిలోని వైర్లు జారిపోయాయి. మాట వినగానే పాట తగ్గిందంటే స్పీకర్‌కి కొత్త బుద్ధి పుట్టింది. చెవి రిక్కించి వింటోంది. మరి జామర్?

మేడమ్ గోళ్లు చూసుకుంటోంది. హ్యాండ్‌బ్యాగు మూతలోంచి కాటా కొక్కెం తొంగిచూస్తోంది.

"నువ్వెవరి మనిషివి?" గొంతు తగ్గించి అడిగింది తూనీగ.

"ఎవరు చూసుకుంటే వాళ్ల మనిషిని. మీ పెద్దాయన నన్ను పట్టించుకోవడం మానేసి ఎన్నాళ్లయిందో తెలుసా?" అదే నవ్వు. "ఆ స్పీకర్లూ అంతే. కంపెనీ వీధిలో పారేసింది, మేం చేరదీశాం. తప్పా?"

తప్పెక్కడుందో చెప్పడానికి తూనీగకు తీరిక లేదు. తలుపు అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఇక చివరిదొక్కటే. చెప్పండి అల్లుడుగారూ."

తూనీగ భుజంతో తలుపు తోసింది. వైరు పీకి లాభం లేదు, అది బ్యాటరీ మీద కూడా బతుకుతుంది. గుమ్మం పక్కన ఇల్లు తుడిచిన బకెట్ ఉంది. ఇంజనీరు పెదవులు విడుతుండగానే స్పీకర్‌ని అలమర మీద నుంచి లాగి ఆ మురికినీళ్లలో ముంచి, మోచేతుల దాకా చేతులు పెట్టి నొక్కి పట్టుకుంది. పాట గరగరమని, బుడబుడమని, ఆగిపోయింది. వెంట్రుకలు, చీపురు పుల్లలు ఆమె చేతులకు చుట్టుకున్నాయి. ఛీ!

"దొంగది! పట్టుకోండి!" అరిచింది మేడమ్, బ్యాగులో చెయ్యి పెడుతూ. పొంగిన నీళ్లలో ఆమె హీల్స్ జారాయి. పట్టుచీరతో సహా బోర్లా పడింది. తూనీగ తెగిన చెప్పుతో ఆ చేతి మీద కాలేసి, వంగి చెవిలో చెప్పింది. "కింద కంపెనీ బోర్డుతో ఆగిన వ్యాన్ మా డిపార్ట్‌మెంట్‌దే. నడుచుకుంటూ వెళ్తావా, ఈడ్చుకెళ్లాలా?"

మేడమ్ లేచింది. ముఖానికి అంటిన మురికి తుడుచుకుంది. "నేను బయల్దేరతానండీ," అంది మర్యాదగా. అలాగే మెట్లు దిగి వ్యాన్ ఎక్కింది.

తూనీగ చెవిలోని చిన్న రిసీవర్‌లో పెద్దాయన పలికాడు. "భేష్. వచ్చెయ్."

"మిగతా ఇళ్లలో స్పీకర్లు సార్?"

"అది మన పని కాదు. కంపెనీ చట్టప్రకారం పాత సామాను అమ్ముకుంది, అంతే." అవతల తాళంచెవి బల్లకు రాస్తున్న చప్పుడు వినిపించింది. తూనీగ రిసీవర్ పీకి గోనెసంచిలో పడేసింది.

ఇంజనీరు ఇంకా నోరు తెరిచే ఉన్నాడు. ఆయన భార్య చీపురు తిరగేసి నిలబడింది. అత్తగారు తూనీగ రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చింది.

"బంగారంలా పాడేదాన్ని బురదలో ముంచుతావా? మీ సామాన్ల వాళ్లంతా ఇంతే!"

తూనీగ ఉద్యోగంలో చేయకూడని పని ఒకటి చేసింది. గడప దాటి, వెనక్కి తిరిగి, నిజం చెప్పింది. "పెద్దమ్మా, మళ్లీ అంకెలు చదివేటప్పుడు పాట పెట్టకండి. కొత్త స్పీకర్ కొన్నా సరే, ఆ గదిలో పెట్టకండి."

అత్తగారి ముఖం మీద కోపం ఒక్కసారిగా ఆరిపోయింది. ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. వెనక్కి తిరిగి, లోపల తడి గుడ్డతో తుడుచుకుంటున్న అల్లుణ్ణి ఒకసారి చూసింది.

"అంకెలా? ఏ అంకెలమ్మాయ్? మా ఇంట్లో అంకెలెక్కడివి?" అని తలుపు ధడాలున వేసి గొళ్లెం పెట్టింది.

ఆ ఇంట్లో ఆ రోజు సరిగ్గా దాగింది ఆ అంకెల రహస్యం ఒక్కటే.